జోలపాటయు మాటపుట్టుకయు

మూడు నెలల బిడ్డను ఒడిలో పరుండబెట్టుకొని తల్లి “ఉంగా” యనును. అని, ఒక్క క్షణ మాగును. బిడ్డ కాళ్లు విదిలించి, పెదవులు సున్నచుట్టి, తానును “ఉంగా” యనును. తల్లి మరల పలుకును. ఇందు అర్థముగల మాట యొక్కటియు లేదు. అయినను ఒకరి వంతు ముగియువఱకు రెండవవారు వేచియుండుట, స్వరమునకు స్వరముతో బదులిచ్చుట మొదలగు సంభాషణమర్యాద యంతయు నిందున్నది. ఈ ముచ్చటను జూచి ఇంటివారు మురియుదురే గాని, మానవుడు మాటాడ నేర్చినదెట్లు అను మహాప్రశ్నకు దీనితో సంబంధ ముండవచ్చునని తలపరు. పండితులకును ఈ తలంపు మిక్కిలి ఆలస్యముగనే కలిగినది.

ఆ ప్రశ్నయే ఒకప్పుడు బహిష్కరింపబడెను. పారిస్ నగరమందలి భాషాశాస్త్ర సంఘమువారు 1866లో తమ నియమావళియందే, భాషోత్పత్తిని గూర్చిన వ్యాసములను స్వీకరింపబోమని వ్రాసికొనిరి. ఊహలు మెండు, నిదర్శనములు సున్న. విసుగు పుట్టుట సహజమే.

అయినను 1871లో డార్విన్ మహాశయుడు మానవుని వంశక్రమమును గూర్చిన తన గ్రంథమున ఈ విషయమును విడువలేదు. అంతకు పూర్వము, 1857లో, హెర్బర్ట్ స్పెన్సర్ ఉద్రేకముతో గూడిన మాటలనుండియే పాట పుట్టినదని చెప్పియుండెను. డార్విన్ దానిని తలక్రిందులు చేసెను. పాటయే ముందు, మాట వెనుక! మన పూర్వులు గిబ్బన్ కోతులవలె మొదట రాగము తీసి, ప్రియులను మెప్పించుకొనిరనియు, ఆ కూజితములనుండియే క్రమముగ మాట లేర్పడెననియు ఆయన యూహ. గిబ్బనులను జూచుటకు మనము దూరదేశములకు పోనక్కరలేదు. అస్సామునందలి జోర్హాట్ జిల్లా అడవిలో హూలాక్ గిబ్బనుల ఆలుమగలు ఉదయముననే జంటగా పాడుచుండును.

డార్విన్ దృష్టి ఇక్కడ వలపులమీదనే నిలిచినది. తన కుమారుని శైశవమును దినదినము గమనించి 1877లో వ్యాసము ప్రకటించిన తండ్రియే యైనను, ఉయ్యెల యూచు తల్లిని ఈ లెక్కలో చేర్చలేదు.

ఆ కొఱతను తీర్పబూనినది డీన్ ఫాక్ అను అమెరికా మానవశాస్త్రజ్ఞురాలు. 2004లో ఆమె ప్రకటించిన వాదమిది. చింపాంజీ పిల్ల కొద్ది వారములలోనే తల్లి వెండ్రుకలను పట్టుకొని వ్రేలాడగలదు. తల్లి చేతులు ఖాళీ. మనుష్యశిశు వట్లు చేయజాలదు. రెండుకాళ్లమీద నడచుచు, ఒడలి రోమములు పలుచబడిన తల్లి, దుంపలు త్రవ్వునపుడు బిడ్డను నేలమీద దింపవలసి వచ్చెను. బిడ్డ యేడ్చును, చేతులు పనిలో నున్నవి. అందుచేత చేతులు చేయవలసిన పనిని గొంతు చేసినది. “ఇక్కడనే యున్నాను” అని తెలుపు ఆ రాగమే జోలకును, మాటకును మొలక యని ఫాక్ అభిప్రాయము.

దీనికి బలమైన ఆక్షేపణ కలదు. కలహారి యెడారియందలి కుంగ్ స్త్రీలు పసిబిడ్డలను నేలను దింపుటయే యరుదు. పనిలోనుగూడ వెంట మోయుదురు. తొలి తల్లులును తోలుతోనో నారతోనో జోలె కట్టి యుండరాదా? (జోలె, జోల యను మాటల పోలికను జూచి నాకు నవ్వు వచ్చినది గాని, దానినుండి నేనేమియు నిరూపింపబోను.) దింపినను, మోసినను, గొంతుతో ఓదార్చుట మాత్రము అవసరమేయని నాకు తోచుచున్నది.

పాతకాలపు స్వరము రాతిలో నిలువదు. జర్మనీదేశపు హోలెఫెల్స్ గుహలో 2008లో గ్రద్దయెముకతో చేసిన, అయిదు రంధ్రములు గల పిల్లనగ్రోవి దొరకినది. వయస్సు 35,000 ఏండ్లకు పైమాట. పాట అంతకంటె ఎంత ప్రాచీనమో ఆ యెముక చెప్పలేదు. కావున పరిశోధకులు పసివారినే ఆశ్రయించిరి. 2009లో 60 మంది నవజాతశిశువుల యేడుపులను పరీక్షింపగా, ఫ్రెంచి బిడ్డల యేడుపు పైకెగయు రాగముతోను, జర్మను బిడ్డల యేడుపు దిగజారు రాగముతోను సాగినట్లు తేలినది. ఆయా భాషల తీరే అది! పుట్టి వారము గడవని శిశువు మాటకంటె ముందు, గర్భమునందే, తల్లిభాషయొక్క పాటను గ్రహించినదన్నమాట. 2021లో ప్రకటితమైన మఱియొక పరిశోధనలో, అమెరికా శిశువులకు వారెన్నడు నెఱుగని పరదేశపు జోలలను వినిపింపగా, ఇతరగీతములు విన్నప్పటికంటె గుండె నెమ్మదించినది.

ఈ దినములలో బిడ్డ యేడ్చిన తోడనే ఫోనులోని జోలను వినిపించు ఇండ్లు పెక్కు గలవు. వంట పొయ్యిమీద నున్న తల్లిని నేను తప్పుపట్టను. కాని 1985లో లిన్ మరే, కోల్విన్ ట్రెవార్తెన్ అను ఇరువురు ప్రకటించిన ప్రయోగ మొకటి మరపునకు రాదు. రెండు నెలల ప్రాయపు బిడ్డకు, తల్లిని వేఱుగదిలో నుంచి, తెరమీద చూపిరి. తల్లి అప్పటికప్పుడు పలుకుచున్నంతసేపు బిడ్డ నవ్వుచు బదులు పలికినది. పిమ్మట అదే తల్లి నవ్విన, పలికిన ముందటి చిత్రమునే మరల వేసిరి. అదే ముఖము, అదే స్వరము. కాని తన “ఉంగా”కు బదులు సమయమునకు వచ్చుట లేదు. బిడ్డ కొంతసేపు చూచి, కలతపడి, మొగము త్రిప్పుకొన్నది.