లోతు తక్కువ, రాతి అడుగు గల నదులలో పడవ మోటారు ఎంపిక

బోధన్‌కు చేరువలోని కందకుర్తి వద్ద మంజీర గోదావరిలో కలుస్తుంది. శ్రీరాంసాగర్ జలాశయం నిండినప్పుడు వెనుక జలాలు ఇంతవరకు వ్యాపిస్తాయి. వేసవిలో నీరు తగ్గి ఇసుక మేటలు, రాళ్లు తేలుతాయి. కనుక ఇక్కడి మత్స్యకారులు అశ్వశక్తిని బట్టి గాక, నీరు అతి తక్కువగా ఉన్ననాటి లోతును బట్టి మోటారును ఎంచుకోవాలి.

సాధారణ అవుట్‌బోర్డు మోటారు ప్రొపెల్లరు పడవ అడుగుకు దిగువన తిరుగుతుంది. రాయి తగిలితే అల్యూమినియం రెక్కలు వంగుతాయి. ఉక్కు రెక్కలు సులభంగా వంగవు గాని, దెబ్బను గేర్లకు చేరుస్తాయి. షియర్ పిన్ను గల చిన్న మోటార్లలో పిన్ను తాను విరిగి గేర్లను కాపాడుతుంది. రాతి అడుగున అల్యూమినియం ప్రొపెల్లరు, పడవలో విడి పిన్నులు మేలు. ముందుకు నడిపేటప్పుడు టిల్ట్ లాక్ వేయకపోతే, రాయి తగలగానే మోటారు పైకి లేస్తుంది.

జెట్ మోటారు నీటిని పీల్చి వెనుకకు చిమ్ముతుంది. ప్రొపెల్లరు బయట ఉండదు. అయితే శక్తిలో సుమారు 30 శాతం తగ్గుతుంది. ఇసుకకు ఇంపెల్లరు అరుగుతుంది. వలలు, చేపల బరువుతో మెల్లగా సాగే పడవకు ఇది అనువు కాదు.

థాయ్‌లాండ్‌లో విరివిగా వాడే లాంగ్‌టెయిల్ మోటారులో ప్రొపెల్లరు పొడవాటి కడ్డీ చివర ఉంటుంది. పిడిని కిందికి నొక్కితే అది రాయి మీదుగా లేస్తుంది. గాలితో చల్లబడే చిన్న ఇంజను దీనికి సరిపోతుంది, మరమ్మతు సులభం. మలుపుకు మాత్రం ఎక్కువ చోటు కావాలి. తిరిగే రెక్కలకు మనుషులు, వలలు దూరంగా ఉండాలి.

కొనుగోలుకు ముందు ఏప్రిల్, మే నెలలలో పడవ దారి వెంట లోతును వెదురు గడతో కొలవాలి. బరువుతో ఉన్న పడవే అడుగుకు రాచుకునే చోట ఏ మోటారూ పనికిరాదు. అక్కడ గడతో నెట్టడమే మార్గం.