కాన్సర్ కలుపును పోల్చుకునే కణాలు

వరిచేలో కలుపు తీసేవారికి ఊద సంగతి చెప్పనక్కరలేదు. లేతలో అచ్చం వరి మొక్కలాగే వుంటుంది. కొత్తగా కలుపుకు వచ్చిన పిల్ల దాన్ని వరి అనుకుని వదిలేస్తుంది. వెన్ను తీశాక గాని బయటపడదు. మనిషి ఒంట్లో కాన్సరూ అంతే. అది బయటి నుంచి వచ్చే క్రిమి కాదు. మన కణమే దారితప్పి పెరుగుతుంది. అందుకే దాన్ని పోల్చుకోవడం కష్టం.

ఒంటికి కాపలా కాసే కణాలలో టి కణాలు ముఖ్యమైనవి. ఇతర కణాల పైనున్న గుర్తులను ఇవి తడిమి చూస్తాయి. తేడా గుర్తు తగిలితే ఆ కణాన్ని చంపుతాయి. అయితే కాన్సర్ కణాలు పెరిగేకొద్దీ మారుతుంటాయి. ఒక్క గుర్తునే నమ్ముకుంటే, అది లేని కణాలు తప్పించుకుని మళ్లీ గడ్డ కడతాయి. కనుక టి కణాలకు అనేక గుర్తులు నేర్పాలన్నది శాస్త్రజ్ఞుల ప్రయత్నం.

అమెరికాలో బోస్టన్ నగరంలోని డానా ఫార్బర్ కాన్సర్ సంస్థలో డాక్టర్ కేథరిన్ వూ బృందం ఈ పని చేసింది. మెలనోమా అనే చర్మ కాన్సర్‌కు ఆపరేషన్ అయిన ఆరుగురికి, ఎవరి గడ్డను బట్టి వారికి వేరుగా టీకా తయారు చేశారు. ఒక్కొక్క టీకాలో 20 వరకు గుర్తులు చేర్చారు. 2017లో ఫలితాలు వెల్లడించారు. టీకా తరువాత 25 నెలలకు కూడా నలుగురికి వ్యాధి తిరగబెట్టలేదు. తిరగబెట్టిన ఇద్దరికి, టి కణాల కళ్లెం వదిలించే మరో మందు ఇవ్వగా గడ్డలు కరిగిపోయాయి. వారి టి కణాలు పోల్చుకునే గుర్తులూ పెరిగాయి.

2021లో ఎనిమిది మంది వివరాలు ప్రకటించారు. దాదాపు నాలుగేళ్ల తరువాత అందరూ బతికే వున్నారు. ఆరుగురిలో వ్యాధి జాడ లేదు. టీకాలో లేని గుర్తులను సైతం టి కణాలు నేర్చుకున్న దాఖలాలు కనిపించాయి. నాలుగు రకాల కలుపు చూపిస్తే అయిదోదాన్ని తనే పోల్చుకున్న కూలీ వంటిదన్నమాట!

ఎనిమిది మంది ఫలితంతో మందు రుజువైనట్లు కాదు. ఇటువంటి టీకాలు ఇంకా పరీక్షల దశలోనే వున్నాయి. పిల్లలకు ముందుగా వేసే టీకాల వంటివి కావివి. వ్యాధి వచ్చినవారికి ఇచ్చేవి. ఎవరైనా కాన్సర్ టీకా అని అమ్మజూపితే నమ్మి డబ్బు పోగొట్టుకోరాదు.

ఊదను లేతలోనే పీకాలని రైతుకు తెలుసు. మానని పుండు, పెరిగే గడ్డ, రంగు మారిన పుట్టుమచ్చ కనబడితే ఆలస్యం చేయక డాక్టరుకు చూపించుకోవాలి. నేటికీ అదే మేలైన మార్గం.