పెరటిలో దొరకిన రంగు గాజు

పెరటిలో గొయ్యి త్రవ్వునపుడు పలుగుకు రంగు గాజు పెంకు తగులుట కద్దు. దానిని కొందరు రత్నమని దాచుకొందురు. కొందరు కాలికి గుచ్చుకొనునని పారవేయుదురు. అది ఏనాటిదో తెలిసికొనుట ఎట్లు?

మొదట రంగును చూతము. గాజునకు రంగు నిచ్చునవి ముఖ్యముగా లోహములు. ఇసుకలో సహజముగా నుండు ఇనుము వలన ఆకుపచ్చదనము కలుగును. కోబాల్టు మిక్కిలి కొద్దిగా చేరినను ముదురు నీలము వచ్చును. ఇనుపపచ్చను పోగొట్టుటకు పూర్వము మాంగనీసు కలిపెడివారు. అట్టి తెల్లగాజు ఏండ్ల తరబడి ఎండలో నున్నచో లేత ఊదారంగుకు తిరుగును. అయితే ఇనుము ప్రాచీనపు పూసకును, నిన్నటి సీసాకును ఒకే పచ్చదనము నిచ్చును. కావున రంగు గాజులోని లోహమును తెలుపును గాని వయస్సును తెలుపదు.

వయస్సును తెలుపునవి పనితనపు గుర్తులు. సీసా అడుగున గరుకు మచ్చ యున్నచో, పనివాడు దానిని ఇనుపకడ్డీకి అంటించి పట్టుకొని మూతిని తీర్చెనని అర్థము. అచ్చులో ఊదిన సీసాకు ప్రక్కలనున్న అతుకుగీత మూతికి దిగువనే ఆగిపోవును. గీత మూతి అంచు వరకు సాగినచో అది సాధారణముగా యంత్రముపై చేసినది. అమెరికాలో మైకేల్ ఓవెన్స్ స్వయంచాలకమైన సీసాల యంత్రమును 1903 నాటికి రూపొందించెను.

మెడ నొక్కినట్లున్న ముక్క గోలీసోడా సీసాది. ఇంగ్లండులో హైరం కాడ్ దానికి 1872లో పేటెంటు పొందెను. అంతకు పూర్వపు దని చెప్పరాదు. మన దేశములో నేటికిని అట్టి సీసాలు తయారగుచున్నవి గనుక, తప్పక పాతదనియు చెప్పరాదు.

కొన్ని పెంకులపై ఇంద్రధనుస్సు రంగులు మెరయును. నేలలోని తేమ గాజునందలి సోడాను లాగివేయగా పైన పలుచని పొరలు మిగులును. సబ్బు బుడగపై వలెనే వెలుగు వానియందు రంగులు చూపును. తేమను బట్టి ఇది త్వరగానో ఆలస్యముగానో జరుగును గనుక, దీనిని బట్టియు వయస్సు లెక్కింపరాదు.

తెలంగాణలో పూర్వము ఇనుము కరగించిన ఊళ్లలో నల్లని గాజువంటి గడ్డలు దొరకును. ఆకారము లేని ఈ బరువైన గడ్డలు కొలిమి చిట్టెము. నిజామాబాదు ప్రాంతపు కోనసముద్రము ఒకప్పుడు ఉక్కు తయారీకి ప్రసిద్ధి.

పెంకు ఎంత లోతున దొరకినదో, దానితో కుండపెంకులు, నాణెములు, పూసలు ఏవి యున్నవో వెంటనే వ్రాసి ఉంచవలెను. ఒకే పొరలోని వస్తువులు ఒకదాని కాలమును మరొకటి తెలుపును. ఆ వివరము వ్రాయక పైకి తీసిన పెంకు వట్టి గాజుముక్కయే. పూసలు, కుండపెంకులు విరివిగా కనబడినచో త్రవ్వుట ఆపి పురావస్తు శాఖకు తెలుపుట మేలు.