ఈమెయిల్ సర్వర్‌లో లావాదేవీల చిట్టా: ఎక్స్ఛేంజ్ లాగుల సురక్షిత నిర్వహణ

సంగ్రహం

మైక్రోసాఫ్ట్ ఎక్స్ఛేంజ్ సర్వర్‌లో ట్రాన్సాక్షన్ లాగులు పెరిగి డిస్కు నిండిపోవడం నిర్వాహకులకు తరచుగా ఎదురయ్యే సమస్య. పాత ఫైళ్లను చేతితో తొలగించడం దీనికి సులభ పరిష్కారంగా తోస్తుంది. ఆ పని ఎందుకు ప్రమాదకరమో, లాగులు ఏ షరతులపై తొలగింపుకు అర్హత పొందుతాయో, అత్యవసర పరిస్థితిలో అనుసరించవలసిన క్రమమేమిటో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ట్రాన్సాక్షన్ లాగు, చెక్‌పాయింట్, బ్యాకప్, పునరుద్ధరణ, సర్క్యులర్ లాగింగ్, ఎక్స్ఛేంజ్ సర్వర్

1. ఉపోద్ఘాతం

లాగులు రాయడానికి డిస్కులో చోటు లేకపోతే ఎక్స్ఛేంజ్ తన డేటాబేస్‌ను మూసివేస్తుంది. అందులో మెయిల్‌బాక్సులు ఉన్న వారందరికీ ఉత్తరాలు ఆగిపోతాయి. నిర్వాహకుడు డిస్కును పరిశీలిస్తే ఒకే పరిమాణం గల వేల ఫైళ్లు కనిపిస్తాయి. సందేశాలన్నీ డేటాబేస్‌లో ఉన్నాయి కనుక ఈ ఫైళ్లు వ్యర్థమని భావించడం సహజం. ఈ భావన పూర్తిగా అబద్ధం కాదు. అందుకే అది ప్రమాదకరం. ఏ లాగు ఏ విపత్తులో అవసరమవుతుందో తెలియకుండా ఏ ఫైలు వ్యర్థమో నిర్ణయించడం సాధ్యం కాదు.

2. చిట్టా, ఆవర్జా

సంప్రదాయ తెలుగు పద్దు పద్ధతిలో వర్తకుడు రోజువారీ లావాదేవీలను జరిగిన వరుసలోనే చిట్టాలో రాసి, తరువాత తీరికగా వాటిని ఖాతాలవారీగా ఆవర్జాకు ఎక్కిస్తాడు. ఆవర్జా చిరిగిపోయినా, పాత ప్రతి ఒకటి ఉండి, ఆ తేదీ నుంచి చిట్టా చెక్కుచెదరకుండా ఉంటే, లెక్కలను తిరిగి రాసుకోవచ్చు. ఎక్స్ఛేంజ్‌లో డేటాబేస్ ఫైలు ఆవర్జా వంటిది. ట్రాన్సాక్షన్ లాగులు చిట్టా వంటివి.

డేటాబేస్ శాస్త్రంలో ఈ విధానాన్ని రైట్-అహెడ్ లాగింగ్ అంటారు. మార్పు డేటాబేస్ ఫైలుకు చేరకముందే లాగులో భద్రంగా నమోదు కావాలన్నది దీని నియమం. లావాదేవీల లక్షణాలకు థియో హార్డర్, ఆండ్రియాస్ రాయిటర్ 1983లో 'ఏసిడ్' అనే సంక్షిప్త నామాన్ని ఇచ్చారు. అందులో చివరి లక్షణమైన శాశ్వతత్వానికి ఈ నియమం ఆధారం. లాగుల సాయంతో పునరుద్ధరణ జరిపే 'ఏరీస్' పద్ధతిని సి. మోహన్, ఆయన సహచరులు 1992లో ప్రచురించిన పత్రంలో సమగ్రంగా వివరించారు.

3. ఎక్స్ఛేంజ్‌లో లాగుల స్వరూపం

ఎక్స్ఛేంజ్ డేటాబేస్‌కు ఆధారమైన యంత్రాంగం ఎక్స్‌టెన్సిబుల్ స్టోరేజ్ ఇంజిన్. సందేశం వచ్చినా, తొలగినా, మరో ఫోల్డరుకు మారినా, ఆ మార్పు మొదట లాగులో నమోదవుతుంది. డేటాబేస్ పేజీ మాత్రం కొంతకాలం మెమరీలోనే మారి ఉండి, తరువాత డిస్కుకు చేరుతుంది. ఎక్కడి వరకు ఉన్న మార్పులు డేటాబేస్ ఫైలుకు చేరాయో చెక్‌పాయింట్ ఫైలు సూచిస్తుంది.

లాగు ఫైలు పరిమాణం ఎక్స్ఛేంజ్ 2003 వరకు 5 మెగాబైట్లు; 2007 సంచిక నుంచి 1 మెగాబైటు. ప్రస్తుత ఫైలు నిండగానే దానికి వరుస సంఖ్య వచ్చి, కొత్త ఫైలు ఆరంభమవుతుంది. ఈ సంఖ్యలు పదహారు ఆధారంగా గల పద్ధతిలో ఉంటాయి. 9 తరువాత వచ్చేది 10 కాదు, 'ఎ' అక్షరం. ఇది తెలియనివారు వరుసలో ఫైళ్లు లోపించాయని పొరబడే అవకాశముంది.

రోజుకు 20 గిగాబైట్ల మార్పులు జరిగే డేటాబేస్ 20,480 లాగు ఫైళ్లను సృష్టిస్తుంది. 100 గిగాబైట్ల ఖాళీ ఉన్న డిస్కు, తొలగింపు జరగకపోతే, ఐదు రోజుల్లో నిండుతుంది. కాబట్టి లాగులు పెరగడం రోగం కాదు. అవి తగ్గకపోవడమే రోగలక్షణం.

4. రెండు విపత్తులు, రెండు అవసరాలు

మొదటి విపత్తు: విద్యుత్తు పోయి సర్వర్ ఆకస్మికంగా ఆగిపోవడం. డేటాబేస్ ఫైలు ఉంటుంది గాని, మెమరీలోని ఇటీవలి మార్పులు దానికి చేరి ఉండవు. దీనిని డర్టీ షట్‌డౌన్ స్థితి అంటారు. సర్వర్ తిరిగి ప్రారంభమైనప్పుడు చెక్‌పాయింట్ నుంచి లాగులను చదివి ఆ మార్పులను పూర్తిచేస్తుంది. దీనికి చివరి కొద్ది లాగులు చాలు. అయితే ఆ కొద్దిలో ఒకటి లోపిస్తే డేటాబేస్ సాధారణంగా తెరుచుకోదు. బ్యాకప్ కూడా లేకపోతే మిగిలేది ఈఎస్ఈయుటిల్ అనే పరికరంతో చేసే బలవంతపు మరమ్మతు. అది సరిచేయలేని పేజీలను వదిలివేస్తుంది గనుక సమాచార నష్టం సంభవించవచ్చు.

రెండవ విపత్తు: డేటాబేస్ ఉన్న డిస్కే పాడుకావడం. ఆదివారం రాత్రి పూర్తి బ్యాకప్ జరిగి, బుధవారం మధ్యాహ్నం డిస్కు చెడిపోయిన సందర్భాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. లాగులు వేరే డిస్కులో ఉంటే, ఆదివారపు ప్రతిని తెచ్చి, నాటి నుంచి ఉన్న లాగులన్నీ వరుసగా అన్వయించి బుధవారం మధ్యాహ్నపు స్థితికి చేరవచ్చు. సోమవారం సాయంత్రపు లాగు ఒక్కటి తొలగించి ఉంటే పునరుద్ధరణ అక్కడే ఆగుతుంది. మంగళ, బుధవారాల లాగులు క్షేమంగా ఉన్నా నిరుపయోగమే. ప్రతి లాగు తనకు ముందున్న స్థితిపై ఆధారపడి మార్పును వర్ణిస్తుంది గనుక మధ్యలో ఒకటి దాటి ముందుకు పోవడం కుదరదు.

డేటాబేస్‌కు చేరిన మార్పుల లాగు మొదటి విపత్తులో అనవసరం, రెండవ విపత్తులో అత్యవసరం. లాగు వ్యర్థమనే వాదన మొదటిదాన్ని మాత్రమే చూస్తుంది.

5. తొలగింపు ఎవరి పని?

పూర్తి బ్యాకప్ గాని, ఇంక్రిమెంటల్ బ్యాకప్ గాని విజయవంతంగా ముగిసినప్పుడు, ఇక అవసరం లేని లాగులను ఎక్స్ఛేంజ్ తానే తొలగిస్తుంది. కాపీ, డిఫరెన్షియల్ బ్యాకప్‌లు లాగులను తొలగించవు. ఫైళ్లను మాత్రమే నకలు తీసే, ఎక్స్ఛేంజ్‌ను గుర్తించని బ్యాకప్ సాఫ్ట్‌వేర్ కూడా తొలగించదు. ఎక్స్ఛేంజ్ 2010తో వచ్చిన డేటాబేస్ అవైలబిలిటీ గ్రూపులో ఇతర సర్వర్లలోని ప్రతులకు కూడా ఆ లాగులు చేరితేనే తొలగింపు జరుగుతుంది. అందువల్ల ఒక ప్రతి స్తంభించినా మిగిలిన సర్వర్లలో లాగులు పేరుకుపోతాయి.

సర్క్యులర్ లాగింగ్ చెక్‌పాయింట్ దాటిన లాగులను బ్యాకప్ కోసం ఆగకుండా తొలగిస్తుంది. ఏకైక సర్వర్‌లో దీనిని అమలుచేస్తే రెండవ విపత్తులో చివరి బ్యాకప్ తరువాతి సందేశాలన్నీ పోతాయి. పలు ప్రతులు గల గ్రూపులో ఆ ప్రతులే రక్షణగా నిలుస్తాయి గనుక అక్కడ ఈ ఎంపిక సమంజసం కావచ్చు.

6. డిస్కు నిండినప్పుడు

ముందుగా కారణాన్ని గుర్తించాలి: బ్యాకప్ విఫలమవుతున్నదా, ఏదైనా ప్రతి ఆగిందా, మెయిల్‌బాక్సుల తరలింపు వల్ల గాని, దోషమున్న మొబైల్ అనువర్తనం వల్ల గాని మార్పులు అసాధారణంగా పెరిగాయా? పిదప డిస్కును విస్తరించి పూర్తి బ్యాకప్ తీయడం ఉత్తమం. ఏకైక సర్వర్‌లో అది సాధ్యపడకపోతే డేటాబేస్‌ను మూసి, అది క్లీన్ షట్‌డౌన్ స్థితిలో ఉన్నదని ఈఎస్ఈయుటిల్‌తో నిర్ధారించుకుని, లాగులను చెరిపివేయక మరో డిస్కుకు తరలించాలి. డేటాబేస్ తెరుచుకున్న వెంటనే పూర్తి బ్యాకప్ తీయాలి. అది విజయవంతమయ్యే వరకు తరలించిన లాగులను భద్రపరచాలి.

నివారణకు మూడు జాగ్రత్తలు ముఖ్యం. బ్యాకప్ కొన్ని రోజులు విఫలమైనా సరిపడే చోటు ఉంచాలి. ఏకైక సర్వర్‌లో డేటాబేస్‌ను, లాగులను వేర్వేరు డిస్కులలో ఉంచాలి. ఫైళ్లను తనిఖీచేసే యాంటీవైరస్ నుంచి ఈ ఫోల్డర్లను మినహాయించాలి; లేకుంటే అది ఏదైనా లాగును నిర్బంధించి వరుసను తెంచవచ్చు. వెబ్ సేవ రాసే ఐఐఎస్ లాగులు ఇందుకు భిన్నమైనవి. వాటిని కాలపరిమితి ప్రకారం తొలగించినా డేటాబేస్‌కు హాని లేదు. పేరు ఒకటే కావడం పొరపాట్లకు దారితీస్తుంది.

7. ముగింపు

లాగును తొలగించడమంటే ఒక రకమైన విపత్తుకు వ్యతిరేకంగా ఉన్న రక్షణను వదులుకోవడమే. ఆ రక్షణను బ్యాకప్ గాని, మరో ప్రతి గాని స్వీకరించిన తరువాత తొలగింపు సురక్షితం, అంతకుముందు కాదు. అందువల్ల లాగుల నిర్వహణ డిస్కు శుభ్రతకు సంబంధించిన పని కాదు, బ్యాకప్ విధానంలో అంతర్భాగం. బ్యాకప్ విజయవంతమైందన్న నివేదికతో తృప్తిపడక, దాని నుంచి డేటాబేస్‌ను నియమితంగా పునరుద్ధరించి చూడడం ఆ విధానాన్ని పరీక్షించే నమ్మకమైన మార్గం.