ఉన్నత పాఠశాల నుండి కర్మశాలకు

పదవ తరగతి ఫలితములు వెలువడిన నాడు గ్రామములో అనేక గృహములందు ఒకే ప్రశ్న వినవచ్చును: "ఇక పిల్లవానిని ఏమి చేయుదము?" మంచి మార్కులు వచ్చినవారు ఇంటర్మీడియట్‌లో చేరుదురు. మిగిలినవారి సంగతి పట్టించుకొనువారు తక్కువ. కొందరు ఆ వేసవిలోనే మేస్త్రీ వెంట హైదరాబాదునకో బెంగుళూరునకో పోయి, మాలు మోయుటతో జీవితమును ప్రారంభింతురు. పనికి పోవుట తప్పు కాదు. పని నేర్వకయే పోవుట నష్టము. ఐదారేండ్లు మాలు అందించియు తాపీ చేతబట్టుటకు నోచుకొనని యువకులు పంచాయతీ సభ్యులకు తెలియనివారు కారు.

సహాయకునికిని నేర్పరియైన పనివానికిని గల అంతరము కండబలములో లేదు. రసమట్టము చూచి గోడ లేపుట, ప్లాను చదివి కడ్డీలను ఎంత ఎడముగా కట్టవలెనో గ్రహించుట, లేతు యంత్రముపై మిల్లీమీటరులో నూరవ వంతు వరకు కొలిచి ఇరుసును తీర్చుట ఒకరు నేర్పనిదే పట్టుబడవు. వీనికి కావలసిన లెక్క మాత్రము మన పిల్లలు బడిలో చదివినదే. పునాది మూల సరిగా ఉన్నదో లేదో చూచుటకు తాపీ మేస్త్రీ ఒక వైపు మూడడుగులు, మరియొక వైపు నాలుగడుగులు కొలిచి, రెండు కొసల నడుమ త్రాడు లాగును. అది సరిగా ఐదడుగులు వచ్చినచో మూల సరియైనదే. పదవ తరగతి పుస్తకములోని పైథాగరసు సిద్ధాంతము ఇదియే! మేస్త్రీకి సిద్ధాంతము పేరు తెలియదు, విద్యార్థికి దాని ప్రయోజనము తెలియదు. ఈ యిద్దరును ఒకే వీధిలో నివసించుచుండుట మన విద్యావిధానములోని ఒక వింత.

ఈ ఎడమును పూడ్చుటకు ఏర్పడినవే పారిశ్రామిక శిక్షణ సంస్థలు, అనగా ఐ.టి.ఐ.లు. చేతిపనివారి శిక్షణకై భారత ప్రభుత్వము 1950లో ప్రారంభించిన పథకము క్రింద ఇవి పనిచేయుచున్నవి. ఎలక్ట్రీషియను, ఫిట్టరు, టర్నరు, మెషినిస్టు శిక్షణలు రెండేండ్లవి. వెల్డరు, ప్లంబరు, వడ్రంగము వంటివి ఒక యేడాదివి. మొదటివానికి పదవ తరగతి ఉత్తీర్ణత కావలెను. వెల్డరు, ప్లంబరు వంటి కొన్నింటికి ఎనిమిదవ తరగతి చాలును. కావున పదవ తరగతి తప్పిన పిల్లవానికి దారులన్నియు మూసికొనిపోయినవని తలిదండ్రులు కన్నీరు పెట్టుకొన నక్కర లేదు. శిక్షణ ముగించి పరీక్షలో నెగ్గినవారికి జాతీయ వృత్తి ధ్రువపత్రము లభించును. అది దేశమంతట చెల్లును. ఇంకను చదువ గోరువారు ఐ.టి.ఐ. నుండి పాలిటెక్నిక్ రెండవ సంవత్సరములో చేరుటకును మార్గము కలదు.

రెండవది అప్రెంటిసుషిప్పు. 1961 నాటి అప్రెంటిసుల చట్టము ననుసరించి కర్మాగారములోనే పని నేర్చుకొనుచు నెలనెల భృతి పొందవచ్చును. ముప్పది మంది లేక అంతకు మించి పనిచేయు సంస్థలు తమ సిబ్బందిలో నూటికి రెండున్నర నుండి పదునైదు వరకు అప్రెంటిసులను తీసికొనవలెనని 2019 సవరణ విధించినది. కనీస భృతి ఆ సంవత్సరముననే అర్హతను బట్టి నెలకు 5,000 నుండి 9,000 రూపాయలుగా నిర్ణయింపబడినది. అనగా మన మండలమునకు సమీపమున కర్మాగారమున్నచో అచ్చట మన పిల్లలకు చోటు అడుగుట యాచన కాదు. చట్టము కల్పించిన అవకాశమును వినియోగించుకొనుటయే.

ఇందు పంచాయతీకి ఏమి పని యని కొందరు సభ్యులు సందేహింపవచ్చును. 73వ రాజ్యాంగ సవరణ వలన ఏర్పడిన పదునొకండవ షెడ్యూలులో పంచాయతీలకు అప్పగింపదగిన విషయములు ఇరువది తొమ్మిది కలవు. వానిలో రోడ్లు, త్రాగునీరు మాత్రమే గాక సాంకేతిక శిక్షణ, వృత్తివిద్య కూడ పేర్కొనబడినవి. నిధులు చాలవన్న మాట నిజమే కావచ్చును. అయినను ఇచ్చట చేయవలసిన పనిలో పెద్ద భాగమునకు నిధులతో నిమిత్తము లేదు.

విద్యార్థులు ఎన్నడును చూడని పనిని కోరుకొనలేరు. తొమ్మిది, పది తరగతుల పిల్లలను ప్రధానోపాధ్యాయుని అనుమతితో సమీపమందలి ఐ.టి.ఐ.కి ఒకనాడు తీసికొనిపోయి, వెల్డింగు రవ్వలను, లేతుపై చుట్టలు చుట్టలుగా రాలు ఉక్కుపొట్టును చూపినచో ఉపన్యాసముల కంటె మేలు. గ్రామములోని తాపీ మేస్త్రీని, వడ్రంగిని బడికి పిలిచి గంటసేపు పని చేసి చూపుమని కోరవచ్చును. ఆరు నుండి పండ్రెండవ తరగతి వరకు పిల్లలకు ఇట్టి వృత్తి పరిచయము కల్పింపవచ్చునని 2020 నాటి జాతీయ విద్యావిధానము కూడ చెప్పినది.

తలిదండ్రులను ఒప్పించుటయే కష్టమైన పని. చదువుకొన్నవాడు చేతికి మట్టి అంటనీయరాదన్న భావము మనలో పాతుకొని యున్నది. అట్టివారికి నాగార్జునసాగరమును జ్ఞప్తికి తేవచ్చును. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి, 1967లో కాలువలకు నీరు విడుదలయైన ఆ ఆనకట్ట రాతికట్టడము. రాళ్లను చేతులతో పేర్చి కట్టిన పనివారి నైపుణ్యము వలననే నేటికిని లక్షల ఎకరములు పండుచున్నవి. ఆడపిల్లల విషయములో సంకోచము మరింత అధికము. బాలికలకై ప్రత్యేక ఐ.టి.ఐ.లు కలవు. ఎలక్ట్రీషియను పని ఆడపిల్లకు తగదని ఏ శాస్త్రమును చెప్పలేదు. అక్కడ వసతి, రాకపోకల భద్రత ఎట్లున్నవో సభ్యులే స్వయముగా విచారించి చెప్పినచో తల్లులు ధైర్యము వహింతురు.

ఒక హెచ్చరిక. ఐ.టి.ఐ.లన్నియు ఒక తీరుగ నుండవు. పలక అందముగా నుండి, లోపల తుప్పు పట్టిన రెండు యంత్రములు తప్ప మరేమియు లేనిచోట్లను నేను చూచితిని. ఫీజు చెల్లించుటకు ముందు కర్మశాలలో కాలుపెట్టి యంత్రములు నడచుచున్నవా, బోధకుడు ఉన్నాడా, పిల్లలు చేసిన పనిముక్కలు కనబడుచున్నవా అని చూడవలెను. ఆ సంస్థకే గాక, పిల్లవాడు చేరు వృత్తికి కూడ కేంద్ర శిక్షణ డైరెక్టరేటు గుర్తింపు కలదా యని అడుగవలెను. అట్లే, పదునెనిమిదేండ్లు నిండని వారిని ప్రమాదకరమైన పనులలో పెట్టరాదని 2016లో సవరింపబడిన చట్టము నిషేధించుచున్నది. పిల్లలను పట్టణములకు తీసికొనిపోవు మేస్త్రీలకు ఈ సంగతి తెలియజేయుట కూడ సభ్యుల విధియే.

ఐ.టి.ఐ. ప్రవేశములు పదవ తరగతి మార్కుల వరుసను బట్టి సాధారణముగా వేసవి చివరను ఆరంభమగును. అప్పటికి కుల, ఆదాయ ధ్రువపత్రములు చేతిలో లేక అవకాశము కోల్పోవువారే ఎక్కువ. కావున పరీక్షలు ముగిసిన వెంటనే, ఫలితములకు వేచి యుండక, ప్రతి వార్డు సభ్యుడును తన వార్డులోని పదవ తరగతి పిల్లల పట్టిక వ్రాసికొని, ఎవరికి ఏ పత్రము లేదో చూచి, ఏప్రిల్ నెలలోనే దరఖాస్తు చేయించవలెను.