గోడ వెంబడి నడక



మనది గోడ పత్రిక కదా, అందుకని ఈసారి ఒక గోడ గురించే రాస్తున్నాను. నవ్వకండి. ఆ గోడ పొడవు 117 కిలోమీటర్లు, వయస్సు 1,900 సంవత్సరాలు. దాని వెంబడి ఒక కాలిబాట ఉంది. దేశదేశాల నుంచి జనం మూటలు వీపుకు తగిలించుకుని వచ్చి ఆ బాటలో నడుస్తారు. మనం సంతకి నడుస్తాం, సెలవులకి ఇంటికి నడుస్తాం. వాళ్ళేమో పాత రాళ్ళు చూడ్డానికే నడుస్తారు. అందులో ఏముందో తెలుసుకుందాం.

ఎక్కడ ఉంది? ఎవరు కట్టారు?

ఇంగ్లండు దేశం ఉత్తర భాగంలో భూమి నడుములాగ సన్నబడుతుంది. ఆ నడుముకి అడ్డంగా తూర్పు నుంచి పడమరకు ఈ గోడ ఉంది. తూర్పువైపు టైన్ నది లోయ, పడమర వైపు ఇర్థింగ్, ఈడెన్ నదుల లోయలు, మధ్యలో నిటారు రాతిగుట్టలు.

ఆ కాలంలో బ్రిటన్‌లో ఎక్కువ భాగం రోమన్ల చేతిలో ఉండేది. క్రీ.శ. 122లో హాడ్రియన్ అనే రోమన్ చక్రవర్తి అక్కడికి వచ్చాడు. ఆయన కాలంలోనే గోడ పని మొదలైంది. అందుకే దాన్ని హాడ్రియన్ గోడ అంటారు. రాళ్ళు తీసి, మోసి, కట్టింది సైనికులే. సుమారు ఒకటిన్నర కిలోమీటరుకు ఒక చిన్న కోట, రెండు కోటల నడుమ రెండు బురుజులు. చిన్న కోటలకు ద్వారాలు ఉండేవి. అంటే గోడ దాటి ఎవరు వెళ్తున్నారు, ఎవరు వస్తున్నారు అని లెక్క చూసేవారన్నమాట.

బాటలో ఏమేమి కనిపిస్తాయి?

కాలిబాట పొడవు 135 కిలోమీటర్లు. 2003లో నడిచేవారి కోసం తెరిచారు. చాలామంది ఒక వారం రోజుల్లో పూర్తి చేస్తారు.

తూర్పున బాట మొదలయ్యే ఊరి పేరు వాల్స్ఎండ్. అంటే ‘గోడ చివర’ అని అర్థం. అక్కడి నుంచి టైన్ నది ఒడ్డునే నడిచి న్యూకాసిల్ పట్టణం దాటాలి. తరవాత చెస్టర్స్ వస్తుంది. నది పక్కనే సైనికుల స్నానశాల గోడలు ఇంకా నిలిచి ఉన్నాయి. వేడినీళ్ళ గది, చన్నీళ్ళ గది వేరువేరుగా కట్టుకున్నారు.

ఇంకా పైకి ఎక్కితే హౌస్‌స్టెడ్స్ కోట. అక్కడ వరుసగా కూర్చునే మరుగుదొడ్డి ఉంది. వాన నీళ్ళు రాతి తొట్లలో పట్టి, ఆ నీళ్ళతో కాలువ కడిగేవారు. మన హాస్టల్లో నీళ్ళ గొడవ పడేవాళ్ళు ఇది గమనించాలి!

పడమర దిగితే విల్లోఫర్డ్ దగ్గర వింత. రోమన్లు ఇర్థింగ్ నది మీద కట్టిన వంతెన పునాది ఇప్పుడు పచ్చిక పొలంలో ఉంది. వంతెన ఎక్కడికీ కదల్లేదు, నదే పక్కకి జరిగిపోయింది. వరద వచ్చినప్పుడు మన గెడ్డలు ఒక ఒడ్డు కోసి ఇంకో ఒడ్డున ఇసుక వేస్తాయి కదా, అలాగే.

చివరికి కార్లైల్ పట్టణం దాటి, బోనెస్ అనే సముద్రతీర గ్రామంలో బాట ముగుస్తుంది.

అయితే 117 కిలోమీటర్ల గోడా ఇప్పుడు లేదు. రోమన్లు వెళ్ళిపోయాక రైతులు, చర్చీలు కట్టేవాళ్ళు ఆ రాళ్ళు పట్టుకుపోయారు. 18వ శతాబ్దంలో రోడ్డు వేయడానికి చాలా దూరం గోడ పడగొట్టారు. మిగిలినదాన్ని 1987లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించారు.

బురదలో దొరికిన ఉత్తరాలు

నాకు అన్నిటికంటే నచ్చింది ఇది. బాటకు కొంచెం దక్షిణంగా విండోలాండా అనే కోట ఉంది. 1973లో అక్కడ తవ్వుతుంటే తడి బురదలో పల్చని చెక్క ముక్కలు దొరికాయి. పోస్టుకార్డు అంత సైజు. వాటి మీద సిరాతో రాసిన రాత! గాలి తగలని బురదలో ఉండబట్టి పాడవలేదు. చాలావాటి వయస్సు గోడకంటే ఎక్కువే.

ఏం రాశారు? ఒకరు ఇంకొకరికి మేజోళ్ళు, చెప్పులు, లోదుస్తులు పంపించారట. సెవెరా అనే ఆమె తన పుట్టినరోజుకి రమ్మని స్నేహితురాలికి రాసింది. చివర్లో నాలుగు ముక్కలు తన సొంత చేతితో రాసింది. ఒక చెక్క మీద ఎవరో పద్యపాదం కాపీ రాస్తే, పక్కన వేరే చేతిరాతతో ‘బద్ధకపు రాత’ అని అర్థం వచ్చే ముక్క ఉంది. అది మాస్టారు రాసిందేమో అని పండితులు అనుకుంటున్నారు. చూశారా, మాస్టార్లు అప్పుడూ అంతే!

ఇంకో చెక్క మీద అక్కడి స్థానిక ప్రజల గురించి ‘బ్రిట్టుంకులి’ అని ఉంది. అంటే ‘అల్పులైన బ్రిటన్లు’ అని తక్కువ చేసి అనడం. అది చదివి నాకు బాధ వేసింది. విచిత్రం ఏమిటంటే ఆ కోటలో కాపలా ఉన్నవాళ్ళు కూడా అసలు రోమ్ వాళ్ళు కారు. ఇప్పటి నెదర్లాండ్స్, బెల్జియం ప్రాంతాల తెగలవాళ్ళు. వాళ్ళ తాతలని కూడా రోమన్లే జయించారు.

మరి ఆ బ్రిటన్లు సైనికుల గురించి ఏమనుకున్నారు? వాళ్ళు రాసిన ఉత్తరం ఒక్కటీ లేదు. వాళ్ళకీ పాటలు, కథలు, తిట్లు ఉండే ఉంటాయి. రాయలేదు కాబట్టి పోయాయి. ఎదుటివాడు పెట్టిన పేరు మాత్రం మిగిలింది.

మన సంగతి

మన ఇళ్ళల్లో మాట్లాడే భాషల్లో మాటలు ఎక్కువగా నోటితోనే దాచుకున్నాం. మా అవ్వకి మా ఊరి దారిలో ప్రతి మలుపుకీ ఒక పేరు తెలుసు. నాకు సగం కూడా తెలియవు. ఇది రాస్తున్నప్పుడే ఆ సంగతి తట్టింది.

కనుక మిత్రులారా, ఈ సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు ఒక పని చేద్దాం. మీ ఊరి గెడ్డకి, కొండకి, కాలిబాటకి ఆ పేరు ఎందుకు వచ్చిందో పెద్దవాళ్ళని అడిగి రాసుకుని రండి. వచ్చే సంచిక అంతా వాటితోనే నింపుదాం. వార్డెన్ గారు దయచేసి రెండు చార్టులు, స్కెచ్ పెన్నులు ఎక్కువ ఇప్పించాలని కోరుతున్నాం.

మీకు తెలుసా?

హాడ్రియన్ గోడ బాటలో నడిచేవాళ్ళు గోడ మీదికి ఎక్కకూడదు. వానకి నేల మెత్తబడినప్పుడు ఎక్కువమంది నడిస్తే మట్టి కింద ఉన్న పాత కట్టడాలు దెబ్బతింటాయి. అందుకే నడిచినట్లు గుర్తుగా వేసుకునే స్టాంపులు మే నుంచి అక్టోబరు దాకానే పెడతారు. గోడ పక్కన రెండు గుట్టల నడుమ ఒక అందమైన చెట్టు ఉండేది. 2023 సెప్టెంబరులో రాత్రిపూట దాన్ని నరికేశారు. నరికినవాళ్ళకి 2025లో జైలుశిక్ష పడింది. ఆ మోడు నుంచి మళ్ళీ చిగుళ్ళు వచ్చాయి.

– 9వ తరగతి విద్యార్థి