ఒక్క నిమిషం వీడియో

పుట్టి మూడు రోజులైన పసిబిడ్డ ఛాతీ మీద చూపు నిలిపి ఆశా అక్క నిమిషం పాటు శ్వాసలు లెక్కపెడుతుంది. 60 తాకితే మళ్లీ మొదటి నుంచి లెక్క. రెండోసారీ అంతే వస్తే బిడ్డను దవాఖానకు తీసుకుపోవాల్సిందే. ఆ నిమిషం సేపు ఇల్లంతా ఉలుకూ పలుకూ లేకుండా ఆమె ముఖంలోకే చూస్తుంది. మానుకోట తండాల్లో, భూపాలపల్లి అడవి పల్లెల్లో, జనగామ మెట్ట ఊళ్లలో నిత్యం జరిగే పని ఇది. దవాఖానలో కాన్పయినా సరే, 42వ రోజు లోపు ఆరుసార్లు ఆమె ఆ గడప తొక్కాలి. ఇంత నేర్పున్న పనిని మన ఫోన్లలో ఎన్నిసార్లు చూశాం?

రోజంతా రీల్స్ చూస్తూనే ఉంటాం. వాటిలో ఆశా అక్క కనబడేది ధర్నా రోజున. అంగన్‌వాడీ టీచర్ కనబడేది గుడ్లు పంచే ఫొటోలో. మంచాన పడ్డ ముసలవ్వ ఒళ్లు తుడిచి, పుండ్లు పడకుండా పక్కకు తిప్పి పడుకోబెట్టే కేర్‌టేకర్ అసలే కనబడదు. కళ్లకు ఆనని పనిని పిల్లలు కొలువుగా ఎట్లా ఎంచుకుంటారు?

ఇంగ్లండ్‌కూ ఈ చిక్కే వచ్చింది. వృద్ధులను, వికలాంగులను చూసుకునే కొలువులు లక్షకు పైగా ఖాళీగా ఉంటే, 2019లో అక్కడి ప్రభుత్వం 'ఎవ్రీ డే ఈజ్ డిఫరెంట్' పేరుతో ప్రచారం మొదలుపెట్టింది. ఆ పని చేసేవాళ్లనే ముందు నిలిపి, వాళ్ల రోజు ఎట్లా గడుస్తుందో జనానికి చూపించింది.

మనకు అంత దూరం పోయే అవసరం లేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లిలో శ్రీరాం శ్రీకాంత్ 2012లో మొదలుపెట్టిన 'మై విలేజ్ షో' యూట్యూబ్ చానల్ మన యాసను, మన గంగవ్వను లోకమంతా చూసేలా చేసింది. అంతకు ముందే జహీరాబాద్ దగ్గరి పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ (డీడీఎస్) సంఘాల దళిత మహిళలు కెమెరా పట్టి, తమ సేద్యం మీద తామే సినిమాలు తీశారు. తీసే చేతులు మన దగ్గరే ఉన్నాయి.

ఇంట్లో చూసుకునేవాళ్ల అవసరమూ ముంచుకొస్తోంది. కొడుకులూ కోడళ్లూ హైదరాబాద్ పోతే ఊళ్లో మిగిలేది అవ్వాతాతలే. మానుకోటకు 2022లో, జనగామకూ భూపాలపల్లికీ 2023లో మెడికల్ కాలేజీలు వచ్చాయి, సంతోషమే. కానీ డాక్టర్ రాసిచ్చిన మందు ఇంట్లో వేళకు వేసే మనిషి ఎవరు? ఈ పని నేర్చినవాళ్లకు జపాన్‌లోనూ కొలువులున్నాయి. అందుకు భాష నేర్పి పంపే టామ్‌కామ్ మన రాష్ట్ర ప్రభుత్వ సంస్థే.

ఈ పనుల మీద తీసే వీడియోల గురించి ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్పాలి. 'సేవ', 'త్యాగం' అంటూ వీణ సంగీతం పెట్టి, జీతం ఊసెత్తని వీడియో నాకు వద్దు. 2021లో పెంచినప్పుడు కూడా అంగన్‌వాడీ టీచర్‌కు దక్కింది 13,650 రూపాయలు, ఆయాకు 7,800. దాని పేరు జీతం కూడా కాదు, గౌరవ వేతనం. ఈ లెక్క దాచి అమ్మాయిలను పిలిస్తే అది మోసమే. చూపిస్తే, ఇంత నేర్పుకు ఇంతేనా అని ప్రభుత్వాన్ని నిలదీసే గొంతులు పెరుగుతాయి.

డిగ్రీ కాలేజీల్లో ఫోన్ పట్టుకున్న తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈ ఆదివారం మీ వాడ ఆశా అక్కను అడగండి. ఆమె ఒప్పుకుంటే, తల్లి సరేనంటే, బిడ్డ ముఖం కనబడకుండా ఆ నిమిషాన్ని తీయండి. తండాలో అయితే లంబాడీలోనే మాట్లాడనివ్వండి. చివర్లో తన జీతమెంతో కూడా ఆమెనే చెప్పనివ్వండి.